అనసూయమ్మ ప్రెస్సులో రెండో ముద్రణ

పెళ్ళికార్డు ఎవరైనా చేతికిస్తే నేను ముందు తెరిచి చదవను, ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఇచ్చినవాళ్ళు కాస్త కంగారుపడతారు, విందులో ఏం వండుతున్నారో వాసన పట్టి చెప్పేస్తానేమోనని. ఇప్పటి కార్డులకు అత్తరు పూస్తున్నారు, మెరుపులు చల్లుతున్నారు. మొన్న పటాన్‌చెరులో ఒక స్నేహితురాలు ఇచ్చిన కార్డుకు మాత్రం మూలల్లో తడి ఆరని పసుపు, దాని కింద పచ్చి సిరా. ఆ రెండు వాసనలూ కలిసి తగలగానే నా వయసు ఒక్కసారిగా ఇరవైకి దిగిపోయింది. ఏ క్రీమూ నాకింత మేలు చేయలేదు. కార్డులో పెళ్ళి ఎవరిదో చదవకుండానే అనసూయమ్మ గుర్తొచ్చింది.

ఎనభైల చివర్లో సంగారెడ్డి బజారులో అనసూయమ్మకు ఒక చిన్న ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కే ట్రెడిల్ మెషిను ఒకటి, సీసపు అక్షరాల అరలు రెండు, నేనొకతెను. చేసే పనంతా దాదాపు పెళ్ళికార్డులే. భర్త పోయాక ప్రెస్సు అమ్మేయమని బజారంతా ఆమెకు సలహా ఇచ్చిందట. శుభలేఖలు వేసే చోట భర్తలేని మనిషి కూర్చుంటే బాగుండదని. "మెషిను నాది, పెండ్లి మీది. ఎవరి పని వాళ్ళు సేస్కుందాం" అని ఆమె మరునాడే షట్టరు ఎత్తింది. ఒక్క విషయంలో మాత్రం రాజీపడింది. మొదటి కార్డుకు నాలుగు మూలలా పసుపు తాను పెట్టేది కాదు. ఆ పని నాకప్పగించింది.

నా అసలు పని అక్షరాలు పేర్చడం. అరల్లోంచి ఒక్కో సీసపు అక్షరాన్ని ఏరి తలకిందులుగా పేరిస్తే కాగితం మీద తిన్నగా పడుతుంది. తలకిందులుగా చేసినా తప్పుకాని పని నా బతుకులో అదొక్కటే. అయినా తప్పులు చేసేదాన్ని. ఒకసారి 'వివాహ విందు'ను 'వివాహ వింత' చేశాను. అనసూయమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, "అబద్ధమేం కాదు గని బిడ్డా, వాళ్ళు ఒప్పుకోరు. మార్చు" అంది. తిట్టడం ఆమెకు అంతవరకే వచ్చు.

నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. అయినా ఆమెకు నేను చెప్పిన పెద్ద అబద్ధం ఒకటుంది. మా నాన్న బొంబాయిలో పనిచేస్తున్నాడని. నిజానికి మా బొంబాయి పటాన్‌చెరులోనే ఉండేది, సంగారెడ్డి నుంచి ఆర్డినరీ బస్సులో గంట. నాన్న అక్కడ ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. నాకు పదమూడేళ్ళప్పుడు అమ్మకూ ఆయనకూ కోర్టులో విడాకులయ్యాయి. అమ్మ ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. విడాకులైన ఆడమనిషికి ఇల్లు కిరాయికి ఎవరూ ఇవ్వరని మూడు గుమ్మాల దగ్గర తెలుసుకున్నాక, నాలుగో గుమ్మం దగ్గర బొంబాయి పుట్టింది. ఏడేళ్ళలో దాన్ని నేను బాగా పెంచాను. సముద్రం ఎట్లా ఉంటుందో కూడా వర్ణించేదాన్ని. ఒక్క మాట జారితే ఇల్లు పోతుందని మాత్రం ఎప్పుడూ గుర్తుండేది.

ఆ రోజుల్లోనే కొండాపూర్ వైపు బడిలో పనిచేసే ఒక మాస్టరు రెండు నోటుపుస్తకాలు తెచ్చాడు. పెద్దపిల్లల కోసం రాసిన చిన్న నవల. పేరు 'రెండిళ్ళ పిల్ల'. రమ అనే తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లిదండ్రులు విడిపోతారు. చివరికి కలవరు. రమ కొన్నాళ్ళు ఏడుస్తుంది, కొన్నాళ్ళు అబద్ధాలాడుతుంది, తర్వాత సైకిలు నేర్చుకుంటుంది. అంతే కథ. అనసూయమ్మ ఒక మధ్యాహ్నం భోజనం మానేసి చదివి, "ఏద్దాం మాస్టరూ" అంది. ఆ నవలను నేను అక్షరమక్షరం పేర్చాను. మా దగ్గర సీసం తక్కువ. ఎనిమిది పేజీలు అచ్చుకాగానే విప్పి, అవే అక్షరాలతో పెళ్ళికార్డులు పేర్చేదాన్ని. పొద్దున రమ ఇంట్లో ఏడ్చిన అక్షరాలు సాయంత్రం ఎవరి పందిట్లోనో నవ్వేవి.

ప్రూఫు దిద్దేటప్పుడు నేను అచ్చు కాగితం పైకి చదవాలి, ఆమె నోటుపుస్తకంలో చూసుకోవాలి. రమ కిటికీ దగ్గర తండ్రి కోసం ఎదురుచూసే అధ్యాయం చదువుతుంటే ఆమె ఒకచోట ఆపింది. పేజీ వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. చెంబెత్తి నీళ్ళు తాగింది. "ఏంది పెద్దమ్మా, తప్పు పోయిందా?" అన్నాను. "లేదు. కానియ్యి" అంది. నా పనిలో తప్పు లేదన్నందుకు ఆ రోజంతా నేను గర్వంగా తిరిగాను.

పుస్తకాలు తయారయ్యాక ఆమె ఒక పని చేసింది. కార్డులు కోయగా మిగిలిన గులాబీరంగు ముక్కల మీద 'చదివి మీ అభిప్రాయం రాయండి' అని అచ్చువేయించి, ఒక్కో పుస్తకంలో ఒక్కోటి పెట్టింది. షట్టరు పక్కన రేకు డబ్బా తగిలించింది. నేనైతే వక్కపొడి కాగితాలు పడతాయనుకున్నాను. నెల తిరిగేసరికి ముక్కలు పొంగిపొర్లాయి, కొన్ని పోస్టులోనూ వచ్చాయి. ఒక బస్సు కండక్టరు, 'కథ మంచిగుంది. చివర అమ్మానాన్నలను కలిపితే ఇంకా బాగా అమ్ముడుపోతుంది' అని సలహా ఇచ్చాడు. ఒకాయన, 'ఇటువంటివి చదివితే ఆడపిల్లలు చెడిపోతారు. నేను మూడుసార్లు చదివాను' అని రాసి నిండు సంతకం పెట్టాడు. ఒక గృహిణి, 'నలభయ్యో పేజీలో అన్నం మాడిపోయింది, నలభై రెండులో అందరూ అన్నం తింటున్నారు, ఎక్కడిది?' అని నిలదీసింది. అనసూయమ్మ ఒక్కోటీ చదివించుకుని, తిట్లకు ఎక్కువ సంతోషించేది. "తిట్టాలంటె గూడ చదవాలె గద" అనేది.

చదవకుండా తిట్టినవాడు కిరాణా సేటు. బజారులో పెద్ద దుకాణం, పెద్ద చుట్టరికం. కూతురి పెళ్ళికార్డుల కోసం వచ్చి, కార్డుల నమూనాల పక్కన నవల చూశాడు.

"ఏంది అనసూయమ్మా గిది? శుభలేఖల పక్కన ఇడాకుల కత పెట్టినవ్?"

"చదివినవా సేటూ?"

"చదువుడెందుకు? పేరు సూస్తె తెల్వదా?"

"పిల్లగాని పేరు సూసే బిడ్డను ఇస్తున్నవా? ఇంటికి పోయి సూడలేదా?"

సేటు ముఖం ఎర్రబడింది. "గదంత వద్దు. ఇడాకులని అచ్చేసిన సీసంతోటి నా బిడ్డ కార్డు ఎయ్యొద్దు. ఆ పుస్తకాలు తీసెయ్యి, కొత్త అక్షరాలు తెప్పియ్యి."

అనసూయమ్మ లేచి అర దగ్గరికి వెళ్ళి ఒక అక్షరం ఏరి ఆయన అరచేతిలో పెట్టింది. "గిది 'వి'. విడాకులకు గిదే, వివాహానికి గిదే. పారేయమంటె పారేస్త. నీ బిడ్డ కార్డు మీద 'వాహ మహోత్సవం' అని ఏస్త, సరేనా?"

నాకు నవ్వు ఆగలేదు. పసుపు గిన్నెలోకి తల వంచాను, ముక్కుకు పసుపంటింది. సేటు అది చూసి ఇంకా మండిపడ్డాడు. "నవ్వులాటనా? పుస్తకాలు తీస్తవా, నేను పట్నం పోవాల్నా?"

"పట్నం బస్సులు మస్తుగున్నయి సేటూ. గా అక్షరం ఇచ్చి పో."

ఆయన వెళ్ళాడు. ఆయన వెంట ఆయన చుట్టాలు, వాళ్ళ వెంట మరికొందరు వెళ్ళారు. మాఘమాసం ముహూర్తాల్లో ఊరంతా సన్నాయిలు మోగుతుంటే మా మెషిను మూగగా కూర్చుంది. నేను భయపడి, "పెద్దమ్మా, పుస్తకాలు లోపల పెడదాం. మాఘం అయినంక మళ్ళ బయట పెడదాం" అన్నాను.

"రమను గూడ గంతే చేసిన్రు గద బిడ్డా. సుట్టాలొస్తె లోపలర్రల కూసోమన్నరు" అంది, గుడ్డతో మెషిను తుడుస్తూ. అది నవలలో మాట. నేను కూడా అట్లాగే లోపలి గదిలో కూర్చున్నాను, మా మేనమామ పెళ్ళిలో.

ఆ వారంలోనే ఒక గులాబీరంగు ముక్క పోస్టులో వచ్చింది. గుమ్మడిదల ఊరి పోస్టు ముద్ర, గుండ్రటి చేతిరాత, పేరు లేదు. నేనే పైకి చదివాను. 'నేను తొమ్మిది చదువుతున్నాను. రమకు నాన్న గుర్తొస్తే కడుపు నొస్తుందని రాశారు. నాకు కూడా నొస్తుంది. డాక్టరు నులిపురుగుల మందు ఇచ్చిండు. పురుగులు పోయినయి, నొప్పి పోలేదు. ఆదివారం వస్తానన్నాడు నాన్న, ఏ ఆదివారమో చెప్పలేదు అని ఉంది కదా, ఆ లైను కింద నేను గీత గీసుకున్న. ఇసుంటి వాళ్ళు నిజంగ ఉంటరా? లేకుంటే కథల్నేనా?'

అనసూయమ్మ ముక్కను నా చేతిలోంచి తీసుకుంది. "జవాబు రాయాలె" అంది.

"అడ్రసు లేదు గద పెద్దమ్మా."

"పుస్తకంలనే రాయాలె. మెషిను ఖాళీగనే ఉంది, మళ్ళొక్కసారి అచ్చేద్దాం. ఎన్కాల అందరి అభిప్రాయాలు పెడదాం, తిట్టినోళ్ళయి ముందు. ఆఖరుకు గీ పిల్లకు జవాబు."

"అయితే మీరే రాయండ్రి."

"నా మొగడు సచ్చిపోయిండు, నన్ను ఇడిసిపెట్టలే. నేను రాస్తె అబద్ధమైతది. నువ్వు రాయి."

"నాకేం తెల్సు? మా నాయన బొంబాయిల..."

ఆమె లేచింది. మాస్టరు నోటుపుస్తకం తెచ్చి ఆ అధ్యాయం తెరిచి నా ముందు పెట్టింది. "గీండ్ల ఆదివారం ముచ్చట యాడుందో సూపియ్యి."

వెతికాను. లేదు. ఆ వాక్యం మాస్టరు రాయలేదు, అది మా నాన్న నాతో అన్న మాట. పేర్చే ఊపులో నా వేళ్ళు వాటంతటవే ఏరి పెట్టాయి, నాకు తెలియనే లేదు. తప్పులు చాలా చేశాను కానీ, లేని వాక్యం పుట్టించిన తప్పు అదొక్కటే. "మాస్టరుకు సూపిస్తె ఉండనియ్యమన్నడు" అంది అనసూయమ్మ. "అప్పటి సంది నాకు తెల్సు. నువ్వే చెప్తవని ఊకున్న."

"ఇల్లు ఖాళీ చేయమంటరు పెద్దమ్మా."

"అంటరు. అనరని నేను చెప్త లేను."

ఆ ఒక్క మాటకే నేను ఆమెను నమ్మాను. ఏం కాదులే అని ఉంటే పారిపోయేదాన్ని. ఆ పూటే రాసి, కింద 'ఒక పాఠకురాలు' అని పెట్టి ఇచ్చాను. ఆమె చూసి వెనక్కి ఇచ్చింది. "తిట్టినోళ్ళు ఇంటి పేర్లతోటి సహా రాసిన్రు. ఉన్నరా అని అడిగిన పిల్లకు దాక్కోని ఉన్నమని చెప్తవా?"

సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చాక కాగితం ఆమె చేతిలో పెట్టాను. తిడుతుందనుకున్నాను. అమ్మ వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంది. ఒకచోట వేలు ఆగింది.

"'నాన్న మమ్మల్ని వదిలేశాడు' అని రాసినవ్."

"అవ్."

"తప్పు. మార్చు. కోర్టుకు పోయింది నేను. నేనే ఇడిసిపెట్టిన." కాగితం నా చేతికిచ్చి, "ఎట్లన్న రాస్తున్నవ్ గద, నిజం రాయి" అంది. విడిచిపెట్టబడిన ఆడదాని కూతురిగా ఏడేళ్ళు తల వంచుకు తిరిగాను. తీరా చూస్తే అది కూడా అచ్చుతప్పే.

రెండో ముద్రణ చివరి పేజీలో ఇట్లా ఉంది: 'గుమ్మడిదల చెల్లీ, ఉన్నారు. నేను ఉన్నాను. మా అమ్మ కోర్టుకు వెళ్ళి మా నాన్నను విడిచిపెట్టింది. నాకూ కడుపు నొచ్చేది. అది పురుగుల వల్ల కాదు. ఎవరికీ చెప్పకపోవడం వల్ల అనుకుంటున్నాను. నీకు చెప్పాను కనుక ఇప్పుడు కొంచెం తగ్గింది. నువ్వు కూడా ఎవరికైనా చెప్పు.' కింద నా పేరు, అమ్మ పేరు, ఊరు. ప్రూఫులో అనసూయమ్మ మూడు ఒత్తులు దిద్దింది, మాట ఒక్కటీ ముట్టుకోలేదు. ఆ పుస్తకానికి పసుపు మాత్రం తానే పెట్టింది, నాలుగు మూలలా, బొటనవేలితో, గట్టిగా నొక్కి. పుస్తకాలను మళ్ళీ శుభలేఖల పక్కనే పేర్చింది. కార్డులు వేయించుకునేవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు, సేటు రాలేదు. ఆమె ఉన్నంతకాలం ఆ పుస్తకాలు మాత్రం అక్కడి నుంచి కదల్లేదు.

ఆ పిల్ల చదివిందో లేదో నాకు తెలియదు. మా ఇంటి ఓనరు మాత్రం చదివాడు, శ్రద్ధగానే చదివాడు. పదిహేను రోజుల్లో ఖాళీ చేయమన్నాడు. అమ్మా నేనూ రెండు గల్లీల అవతల ఒక ఇంటికి వెళ్ళాం. గడపలో బియ్యం ఏరుతున్న పెద్దావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "మీ ఆయన ఏం పనిచేస్తడు?" అని అమ్మను అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పింది.

"మొగడు లేడమ్మా, కోర్టుల ఇడిసిపెట్టిన. ఉండేది మేమిద్దరమే. నల్లా ఎన్నింటికొస్తది?"

పెద్దావిడ చేట పక్కన పెట్టింది. మా ముఖాల వంక చూసింది, వీధి వంక చూసింది. అమ్మ కదల్లేదు. జవాబు కోసం నిలబడింది, నల్లా సంగతి తేలందే పోనన్నట్టు. చివరికి పెద్దావిడ, "పొద్దుగాల ఆరింటికి. బిందెలు జల్దీ పెట్టుకోవాలె" అంది.

ఇన్నేళ్ళలో నన్ను చాలా గుమ్మాల్లో, చాలా బల్లల ముందు, మీ నాన్న ఏం పనిచేస్తాడని దాదాపు ఆ ప్రశ్నే అడిగారు. నేను మొదటి మాటగా నిజం చెప్తాను, రెండో మాటగా నాకు కావలసింది అడుగుతాను, ఆ తర్వాత అక్కడే నిలబడతాను.