కరెంటు తంబూరలో సన్న తీగ

మొన్న ఆదివారం మా మనవరాలు గిటార్ ఒడిలో పెట్టుకుని ముఖం మాడ్చుకుని కూర్చుంది. కరీంనగర్‌లో మా ఇంటి ముందుగది. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆ ఎర్రటి కర్ర మీద పడి గోడ మీద వణుకుతోంది. వాయిస్తుంటే అన్నిటికంటే సన్న తీగ మాటిమాటికీ గిటార్ మెడ అంచు దాటి జారిపోతోందట. దుకాణంలో చూపిస్తే వారం రోజులు ఉంచి వెళ్ళమన్నారట. నేను కళ్ళద్దాలు సవరించుకుని, దాన్ని అటు తిప్పమని, ఇటు తిప్పమని, చివరికి మెడ వెంట ఒక కన్ను మూసి చూశాను. "మెడ పక్కకు వాలింది బిడ్డా. తీగలు వదులు చేసి, వెనక నాలుగు స్క్రూలు జర ఇప్పు. మెడను గిటు ఒత్తిపట్టి మళ్ల బిగియ్యి," అన్నాను. అది నోరు తెరిచింది. "నీకెట్ల తెలుసు బాపమ్మా?" అంది. పప్పులో ఉప్పు సంగతి చెప్పాల్సిన ముసలమ్మ గిటార్‌కు వైద్యం చెబితే ఎవరికైనా వింతే మరి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నేను అరవై ఏళ్లు వెనక్కి నడిచి బెల్లంపల్లి దాకా పోవాలి.

నేను సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. పెళ్ళయి బెల్లంపల్లి బొగ్గుబావుల కాలనీకి వచ్చాను. ఆ ఊరు ఇప్పుడు తలచుకుంటే పొగలోంచే కనిపిస్తుంది. సాయంత్రం కాగానే ప్రతి వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేసేవారు. ఆ పొగంతా కలిసి క్వార్టర్ల వరుసల మధ్య నడుమెత్తున నిలబడేది. పిల్లలు అందులో పరుగెత్తుతుంటే తలకాయలు మాత్రమే తేలుతూ పోయేవి. తెల్ల చీర ఉతికి ఆరేస్తే తీసేసరికి బూడిద రంగు. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత తెల్ల చీరలు కొనడమే మానేశాను. దూరంగా బావి సైరన్ కూసేది, ఆ కూత సగంలోనే పొగలో మెత్తబడిపోయేది. అదంతా నిజంగా జరిగిందా, కొత్త కోడలిగా నేను కన్న కలా అని ఒక్కోసారి నాకే అనుమానం. మా ఆయన ఈ కథలో పెద్దగా కనిపించడు. ఆయనది రాత్రి షిఫ్టు, పగలంతా గురక.

కథంతా మా మామది. ఆయన బావిలో బొగ్గు పగలగొట్టడానికి తూటాలు పేల్చే పని చేసేవాడు. ఏళ్ల తరబడి ఆ పేలుళ్లు విని విని చెవులు మందగించాయి. అంతకుముందు కాలనీలో ఆయన తంబూర పట్టి భజనకు కూర్చుంటే నాలుగు వరుసల అవతలివాళ్లు కూడా వచ్చేవారట. నేను వచ్చేనాటికి ఆ తంబూర మేకుకు వేలాడుతూ ఉంది. నేను రాకముందే ఒకసారి శ్రుతి వినపడక పాట ఎటో పోయిందట. వెనక కూర్చున్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు ఆయనకు వినపడలేదు గానీ కనపడింది. "నా గొంతు నాకే ఇనబడకపోతే దేవునికేం ఇనిపియ్యాలె?" అని లేచి వచ్చేశాడట. ఆ తర్వాత పాటే కాదు, మాట కూడా తగ్గిపోయింది. అరుగు మీద కూర్చుని, ఎదుటి వాళ్ల నోళ్లకేసి చూస్తూ, అన్నిటికీ తల ఊపేవాడు.

మా మరిదికి కరెంటు పని తెలుసు. ఇంట్లో ఒక పాత రేడియో ఉండేది. దాన్ని గట్టిగా పెడితే మామకు వార్తలు కొంత అందేవి. అది చూసి మరిదికి ఒక ఆలోచన పుట్టింది. తంబూర తీగను కూడా రేడియోలోంచి పలికిస్తే బాపుకు శ్రుతి అందుతుంది, అందితే మళ్లీ పాడతాడు. అతనికి తెలిసిన రైలింజను డ్రైవరు ఒకాయన దగ్గర విరిగిన గిటార్ ఉండేది. దాని మెడ, మరలు, తీగలు అడిగి తెచ్చుకున్నాడు. కాలిపోయిన యంత్రాల్లోంచి సన్న రాగి తీగ లాగి అయస్కాంతానికి చుట్టాడు. తీగ ఆ అయస్కాంతానికి సరిగ్గా పైన ఆడితేనే రేడియోలో పలుకుతుందని, పక్కకు జరిగితే పలకదని అన్నం తింటూ కూడా మాకు పాఠం చెప్పేవాడు. మా అత్త దానికి కరెంటు తంబూర అని పేరు పెట్టేసింది. ఇక ఒక్క టేకు చెక్క ఒళ్లు కావాలి, అది వడ్లాయన, అంటే వడ్రంగి, చేయాలి.

అక్కడే వచ్చింది చిక్కు. మా అత్తకు ఆయం పట్టింపు. కట్టెతో ఏది చేసినా పొడవు వెడల్పులు లెక్కగట్టి, మిగిలిన శేషం మంచిదైతేనే అది ఇంటికి మేలు చేస్తుందని నమ్మకం. తలుపుకు, మంచానికి అందరూ చూస్తారు. మా అత్త పప్పుగుత్తికి కూడా చూసేది. "అవ్వా, ఇది తలుపు కాదే!" అని మరిది తల్లితో మొత్తుకున్నాడు. "కట్టె అయితే కట్టెనే. ఆయం చూడకుంట చేసింది నా గడప తొక్కది," అంది అత్త. వడ్లాయన ఆమె పక్షమే. అప్పటికే ఒంటికి నడుమ గాడి తీసి మెడను బిగించేశాడు. ఆ తర్వాత కొలిచి చూస్తే లెక్క కుదరలేదట. అయితే ఏమైంది, ఒంటికి, ఒడిలో పెట్టుకుంటే పైకొచ్చే అంచున, వేలు మందం చెక్క చెక్కేసి, ఆయం కుదిరిందని చెప్పి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. మరిది వచ్చి, తీగలు కింద ఆనే ఇనుప పట్టీని స్కేలు పెట్టి సరిగ్గా నడుమ బిగించి, తీగలు కట్టాడు.

కట్టగానే తీగలన్నీ ఒక పక్కకు వాలాయి. సన్న తీగ మెడ అంచు దాటి గాలిలో నిలబడింది. దాని కింద అయస్కాంతమే లేదు. ఆ తీగ మీదే భజన వరుసలు వాయించాలని మరిది ఆశ. మెడ స్క్రూలు వదులు చేసి పక్కకు నెట్టాడు. గాడిలో ఉన్న సందు ఎంత, అది జరిగేది ఎంత? పైన తీగలు కూర్చునే గంట్లు ఆకురాయితో గీశాడు, ఇంకా పాడయింది. చివరికి రంపం తెచ్చాడు. "పైన తీసినంత కింద కూడ కోస్తె రెండు దిక్కుల సమానమైతది," అన్నాడు. అత్త గబుక్కున ఆ కట్టెను ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. "ఉన్న జరంత చెవులు గూడ పోవాల్నా మీ బాపుకు? ఆయం చెడగొడ్తివా, నా మీద ఒట్టే!" అని కళ్ళనీళ్లు పెట్టుకుంది. ఆమెకు అది పట్టుదల కాదు, భయం. ఆ సంగతి అప్పుడు నాకు ఒక్కదానికే అర్థమైందేమో. ఇంట్లో తల్లీకొడుకులకు మాటల్లేవు. మామ మాత్రం ఇద్దరి ముఖాలూ చూసి, తల ఊపుకుంటూ అరుగు మీదికి పోయాడు.

ఒక మధ్యాహ్నం అందరూ ఎటో పోయారు. మా ఆయన లోపల గురక పెడుతున్నాడు. కరెంటు తంబూర మంచం మీద పడి ఉంది. మగ్గాల ఇంట్లో పెరిగిన కళ్లకు వంకర పోయిన తీగలు కనపడితే ఊరికే ఉండబుద్ధి కాదు. పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, వాలితే బట్ట వాలుతుంది. సిరిసిల్లలో మా బాపు దాన్ని సరిచేసేటప్పుడు ముందు ఒక దారం లాగి చూసుకునేవాడు. నేనూ కుట్టుదారం తీసి, మెడ పైకొస నడిమి నుంచి కింది కొస నడిమి మీదుగా, ఒంటి చివరిదాకా బిగబట్టి లాగాను. దారం ఇనుప పట్టీకి నడుమన పోలేదు, చెక్కిన వైపుకు అర వేలు జరిగి పోయింది. అంతే సంగతి. సాయంత్రం మరిది వస్తే దారం చూపించాను. "స్కేలు పెట్టి నడిమిట్లనే బిగిచ్చిన వదినె, ఎట్ల తప్పుతది?" అని గింజుకున్నాడు. "నువ్వు కట్టెకు నడిమిట్ల బిగిచ్చినవ్. వడ్లాయన కట్టెను ఒక దిక్కే చెక్కిండు గద, మెడకేమో నడుమ పాతదే. కట్టెను కోయకు, పట్టీని జరుపు," అన్నాను. అతను దారం వంక చూశాడు, నా వంక చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు. ఇద్దరం అత్త దగ్గరికి పోయి, ఇనుప పట్టీకి ఆయం ఉంటుందా అని భయం భయంగా అడిగాం. ఆమె పట్టీని గోటితో కొట్టి చూసి, "ఇనుముకు ఆయమేంది? జరుపుకోండ్రి," అంది. లోపలికి పోయి కుంకుమ తెచ్చి ఆ కట్టెకు బొట్టు కూడా పెట్టింది.

ఆ సాయంత్రం వాకిట్లో పొగ అప్పుడే లేస్తోంది. రేడియో వేడెక్కడానికి కొంచెంసేపు పట్టేది. దాని లోపలి పసుపు వెలుగు, సన్నటి గుయ్యిమనే మోత ఇప్పటికీ నా కళ్ళ ముందు, చెవుల్లో ఉన్నాయి. మామ మంచం మీద కూర్చున్నాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఆ రోజుల్లో కోడలు మామ ముందుకు రావడం ఎక్కడిది? మరిది లావు తీగను మీటాడు. ఇల్లంతా నిండిపోయింది. మామ తల ఎత్తాడు. ఎవరో ఎన్నో ఏళ్లకు పేరు పెట్టి పిలిస్తే చూసినట్టు చూశాడు. చెయ్యి తనంత తానే మోకాలి మీద తాళం వేయసాగింది. కళ్ళు మూసుకుని గొంతెత్తాడు. మొదట గరగరమంది, తర్వాత నిలబడింది. శ్రుతిలోనే నిలబడింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. అరుగు కింద పొగలో ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పాట అయ్యాక మామ ఎవరొచ్చారా అని గుమ్మం వైపు చూస్తుండగా మరిది సన్న తీగను మీటాడు. అది ముక్కు సూటిగా అయస్కాంతం మీద నిలబడి, గదిలో అందరూ ఉలిక్కిపడేలా మోగింది. మామ మాత్రం గుమ్మం వైపే చూస్తున్నాడు. మరిది భుజం తట్టి, మళ్లీ మీటి, "గీ సన్నది ఇనబడ్తుందా బాపూ?" అని అరిచాడు. మామ ఆ వేలి వంక, వణుకుతున్న తీగ వంక, కొడుకు ముఖం వంక చూశాడు. "ఇనబడ్తుంది బిడ్డా. మంచిగున్నది," అన్నాడు. మరిది ముఖం వెలిగిపోయింది. తలుపు చాటున ఉన్న నన్ను మామ ఒక్క క్షణం చూసి కళ్ళు దించుకున్నాడు. తూటాలు ఆయన చెవుల్లోంచి సన్నటి చప్పుళ్లను ఎప్పుడో ఎత్తుకుపోయాయని నాకు తెలిసింది. నాకు తెలిసిందని ఆయనకూ తెలిసింది. మేమిద్దరం ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. బతికినన్నాళ్లూ ఆయన లావు తీగల మీద పాడాడు, సన్న తీగను చూసి నవ్వాడు.

మనవరాలు స్క్రూలు బిగించి, తీగలు సవరించుకుంది. మెడ సరిగ్గా వచ్చింది, సన్న తీగ అంచుకు లోపల బుద్ధిగా కూర్చుంది. అది సంతోషంతో ఆ తీగను మీటి, "ఇనబడ్తుందా బాపమ్మా?" అంది. దాని వేలు కదలడం చూశాను. తీగ ఎండలో సన్నగా వణకడం, ఆ మోత దాని ముఖంలో వెలగడం చూశాను. ఈ మధ్య పిట్టల కూతలు, ఫోను మోతలు నా దాకా రావడం లేదు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "ఇనబడ్తుంది బిడ్డా. మంచిగున్నది," అన్నాను. మామ ఆ సాయంత్రం కొడుకు కోసం అబద్ధం ఆడాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. అది అబద్ధం కాదని తెలియడానికి నాకు ఆయన వయసు రావాల్సి వచ్చింది.