శౌరయ్య కట్టిన ట్రక్కు

తిరువూరు బస్టాండు దాటి కొంచెం ముందుకు పోతే తాటాకు పందిరి కింద శౌరయ్య వెల్డింగు పని చేసేవాడు. ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కులు కట్టడంలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు. ఎవరొచ్చి ట్రక్కు కట్టమన్నా ముందు కొలతలడిగేవాడు కాదు. "ఏడాది పొడుగునా ఇందులో ఏమేం మోస్తారండీ?" అనేవాడు. అది చెప్పిందాకా సుద్దముక్క పట్టేవాడు కాదు. సాగర్ డ్యాం పనుల్లో వయసంతా మంట ముందు గడిపొచ్చాడేమో, నీడలో ఉన్నా కళ్లు చికిలించే చూసేవాడు. తొందరపడే రైతులకు ఆయన పద్ధతి విసుగు. వినగడప ఊరి మాణిక్యమ్మకు మాత్రం అదే మేలు చేసింది.

డెబ్భై అయిదో సంవత్సరం మాట. ఆ చలికాలంలోనే ఆమె భర్త వెంకటప్పయ్య ట్రాక్టరు కొన్నాడు. ట్రక్కు కోసం విజయవాడ నుంచి అల్యూమినియం రేకులు తెచ్చి గొడ్లచావిట్లో నిలబెట్టాడు. "తేలిక, తుప్పు పట్టదు, ఇనుములాగా ఎండకు కాలదు. మామిడికాయ ఉడికిపోదే" అని మురిసిపోయాడు. మాఘం వెళ్లకుండానే గుండెనొప్పి వచ్చి పోయాడు.

తోటలో కాయ ముదురుతోంది. ట్రక్కు లేకపోతే మోసేదెలా? మరిది ఆదిశేషయ్య ఇనుమే కట్టించాలని పట్టుబట్టాడు.

"సత్తు గిన్నెలో కంకర మోస్తావా వదినా? నవ్విపోతారు!"

"మీ అన్నయ్య ముచ్చటపడి తెచ్చిన రేకు చావిట్లో పారేయమంటావా?"

ఆయన చివరిగా కోరుకున్నది ఆ ట్రక్కే. అది కాదంటే ఆమెకు ఆయన్నే కాదన్నట్టుండేది. ఎవరి మాటా చెల్లక, చివరికి ఇద్దరూ బస్సెక్కి శౌరయ్య దగ్గరికొచ్చారు.

శౌరయ్య అలవాటుగా ఏమేం మోస్తారని అడిగాడు. ఆదిశేషయ్య నోరు తెరవబోతే, "మీరుండండి బాబూ, ట్రక్కు అమ్మగారిది" అన్నాడు.

భర్త పోయాక ఆమెను ఒకరు ఒక సంగతి అడగడం అదే మొదలు. మామిడికాయ అంది. ఆగింది. ధాన్యం బస్తాలు, పత్తి, యూరియా, పశువుల ఎరువు అంది. కల్లం గోడకు రాళ్లు, ఇంటి ముందుకు కంకర అంది. చెబుతూ పోతుంటే, ఆ సేద్యమంతా తనకు తెలుసునన్న సంగతి ఆమెకే అప్పుడు తెలిసింది.

శౌరయ్య ఏమీ తేల్చలేదు. "రేకు చూడందే చెప్పలేనమ్మా" అని మర్నాడు సైకిలు మీద వినగడప వచ్చాడు.

చావిట్లో మొదటి రేకు ఇవతలికి లాగేసరికి మాణిక్యమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. దాని మీద తెల్లటి మచ్చలు, నల్లటి చారలు, చేత్తో తడిమితే తగిలే చిన్న చిన్న గుంటలు. చైత్రంలో గాలివానకు కాయ రాలింది. ఏటి సూతకం, ఊరగాయ పెట్టకూడదన్నారు. కాయ పారేయలేక ముక్కలు కోసి, ఉప్పు కలిపి, వెడల్పుగా ఉంది కదా అని ఈ రేకు మీదే ఒరుగులకు ఎండబోసింది. తరవాత ఆ మచ్చలు చూసి, ఎవరికీ కనబడకుండా గోడవైపు తిప్పేసింది.

"ఒరుగులా వదినా? అన్నయ్య తెచ్చిన రేకు మీద నువ్వేనా పోసింది!" ఆదిశేషయ్య నవ్వాడు.

శౌరయ్య నవ్వలేదు. బొటనవేలితో గుంటలు తడిమి చూశాడు.

"ఉప్పూ పులుపూ కలిసి తడి మీద నానితే దీనికింతేనమ్మా. యూరియా బస్తా చిరిగి తడిసినా ఇంతే. రాయి పడి చీలిందనుకోండి, ఇనుమైతే గంపలగూడెంలో ఎవడైనా అతుకుతాడు. దీన్నతకడం నాకు కూడా రాదు."

"చెప్పానా! మా అన్నకేం తెలుసని..."

"అట్టా అనకండి బాబూ," శౌరయ్య గొంతు పెంచకుండానే అడ్డుకున్నాడు. "పెద్దాయన కాయను తలుచుకుని కొన్నారు. మామిడికాయ ఒక్కటే మోసేదైతే నేనూ దీన్నే బోల్టులేసి కట్టమందును. ఆయన లెక్కలో తప్పు లేదు. మోసే బరువులే వేరు."

మాణిక్యమ్మ ఆ రేకును కొంగుతో ఒకసారి తుడిచి గోడకు ఆనించింది.

"ఇనుముతోనే కట్టు శౌరయ్యా," అంది. "కాయ వేడెక్కకుండా ఏం చెయ్యాలో అదీ నువ్వే చూడు."

"అడుగున వరిగడ్డి మందంగా పరిపించండి, పైన తడి గోనె కప్పండి. తోటలో కాయ పోసే పాకకు ఈ రేకులు కప్పిస్తాను. నీడా ఉంటుంది, ఉప్పూ తగలదు."

కోతలు మొదలయ్యేలోపే ట్రక్కు వచ్చింది. ఆదిశేషయ్య చక్రాలకింద నిమ్మకాయలు పెట్టించాడు. అడుగు రేకును కాలితో తన్ని చూసి, మరోసారి తన్ని, "గట్టిదే" అని ఒప్పుకున్నాడు. మాణిక్యమ్మ శౌరయ్యకు ఏదో చెప్పాలనుకుంది. ఇనుము మంచిదని చెప్పినందుకు కాదు. ఆ మాట మరిది కూడా చెప్పాడు. పోయిన మనిషిని తెలివితక్కువవాణ్ణి చెయ్యకుండా చెప్పాడు ఈయన. శౌరయ్య అప్పటికే సైకిలు స్టాండు తీస్తూ, "నెల పోయాక బోల్టులు బిగించుకోండమ్మా" అంటున్నాడు.

"అన్నం తిని వెళ్లు," అంది.

పనికొచ్చినవాళ్లకు పెరట్లో పెట్టడం ఆ ఇంటి పద్ధతి. శౌరయ్య చేతులు కడుక్కుని పెరటివైపే నడిచాడు. మాణిక్యమ్మ పిలిచి, వసారాలో ఆదిశేషయ్య పక్కన విస్తరి వేసింది. శౌరయ్య గడప దగ్గర ఆగిపోయాడు. ఆదిశేషయ్య ఆ విస్తరి చూశాడు, వదిన మొహం చూశాడు.

"నిలబడ్డావేంటయ్యా, చల్లారిపోతుంది," అన్నాడు కాస్త పక్కకు జరుగుతూ. "కూర్చో. కాస్త ఆ పప్పు ఇటు జరుపు."