సూర్రావు పిఠాపురం ఆదివారాలు

నిన్న పొద్దున్న టీ తాగుతుంటే ఫోన్ మోగింది. సూర్రావు నంబరు.

"ఏం గురూ, వార్డులో నిద్ర పట్టిందా?" అన్నాను.

అవతల ఉన్నది వాళ్లావిడ లక్ష్మి.

"ఆయన పోయారండి, అన్నయ్యగారూ."

లివర్ పాడైందని డాక్టరుగారు చెప్పి చాలా రోజులైంది. మొన్న హాస్పిటల్లో చూసి కూడా వచ్చాను. తెలిసిన వార్తే. అయినా ఫోన్లో అతని పేరు ఇంకోసారి చూసుకున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సూర్రావుది రావులపాలెం మార్కెట్లో అరటి గెలల వ్యాపారం. చక్రకేళి గొప్పదా, అమృతపాణి గొప్పదా అని మేమిద్దరం చిన్నప్పటి నుంచీ వాదించుకుంటూనే ఉన్నాం. ఇప్పుడు కూడా నాది చక్రకేళే.

సరే, దారి తప్పాను.

తాగేవాడు. అది మన ఊరివాళ్లందరికీ తెలుసు. మీలో కొందరు ఇంటికి మోసుకొచ్చారు కూడా.

నాకూ లక్ష్మికీ తప్ప ఎవరికీ తెలియనిది ఒకటుంది. "రాసేయండి అన్నయ్యగారూ, ఇంక ఆయన దాచుకునేదేముంది?" అని నిన్న సాయంత్రం లక్ష్మి అంది. అందుకే రాస్తున్నాను.

ఆ మధ్య ప్రతి ఆదివారం పిఠాపురం గుడికి వెళ్లేవాడు, గుర్తుందా?

వెళ్లింది మీటింగుకి. తాగుడు మానాలనుకునేవాళ్లు వారం వారం ఒకచోట కూర్చుని, ఒకరి బాధ ఒకరు వింటారు.

ఫోన్లో వెతికింది నేనే. నా చదువంతా పొట్లాలు కట్టిన కాగితాలు కూడబలుక్కుని చదివితే వచ్చిందే. ఫోన్ కూడా అలాగే కెలికి నేర్చుకున్నాను. రాజమండ్రిలో ఒకటి ఉందంటే, "అక్కడ మన మార్కెట్ వాళ్లు తగుల్తారు గురూ, దూరంగా చూడు" అన్నాడు.

తాగి సెంటర్లో పడిపోతే ఊరంతా చూసింది. ఏమీ అనుకోలేదు. మానడం మాత్రం ఎవరి కంటా పడకూడదట!

మొదటిసారి ఇద్దరం వెళ్లాం. ట్యూషన్ సెంటర్ మేడ మీద గది అని అడ్రసు. వీధి దొరికింది, మేడ దొరకలేదు. ఎవరినన్నా అడుగుదామంటే ఏమని అడగాలి? ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతున్నాం.

ఇస్త్రీ బండి దగ్గరావిడ చూసి చూసి, "ఆ మీటింగుకేనా అండి? అదిగో నీలం గేటు. చెప్పులు కిందే వదలండి" అంది.

సూర్రావు మొహం చూడాలి అప్పుడు.

లోపల పేరు చెబితే చాలు. ఊరు అడగరు, ఇంటిపేరు అడగరు. మన గోదావరి వాళ్లకి అదెంత కష్టం! "ఎవరి తాలూకండీ?" అనకుండా మనం బస్సులో పక్క సీట్లో కూడా కూర్చోలేం.

తన వంతు వచ్చింది.

"నా పేరు సూర్రావండి. తాగకుండా ఉండలేకపోతున్నానండి."

అంతే. ఇన్నేళ్లలో ఆ మాట నాతో కూడా అనలేదు.

మానేశాడు. నిజంగానే మానేశాడు.

కాకపోతే గుడికని చెప్పాక ఊరు ఊరుకుంటుందా? "మా మనవరాలి పేరున అర్చన చేయించండి", "ప్రసాదం మర్చిపోకండే". మీటింగ్ అవ్వగానే గుడికి పరుగెత్తి, అందరి గోత్రాలూ చెప్పించి, ప్రసాదం పట్టుకొచ్చేవాడు. "మనిషిని చేస్తారని వెళితే భక్తుణ్ణి చేసేశారు గురూ" అని పడీ పడీ నవ్వేవాడు.

ఆ అబద్ధమే కొంప ముంచింది.

మాల వేసుకున్నవాడు తాగడు, తీశాక తాగుతాడు. మనకి తెలిసిన లెక్క అదొక్కటే. సూర్రావుది కూడా అలాంటి దీక్షే అనుకున్నారు.

సూర్రావు బావమరిది గృహప్రవేశం. భోజనాలయ్యాక డాబా మీద కూర్చున్నాం.

"ఇన్నాళ్లు చేశారు కదా బావగారూ, మొక్కు తీరినట్టే. మా ఇంట్లో ఒక్కటి పుచ్చుకోరా?" అని గ్లాసు చేతిలో పెట్టాడు.

"ఆయన మానేశారండి" అన్నాను.

"మానేయడం ఏంటండీ, సన్నాసుల్లో కలుస్తారా ఏంటి?"

అందరూ నవ్వారు. సూర్రావు నా వైపు చూశాడు. మీటింగు సంగతి చెప్పాల్సింది అతను, నేను కాదు. చెబుతాడని చూస్తూ కూర్చున్నాను.

తాగాడు.

బావమరిదిని అనడానికేం లేదు. ప్రేమ కొద్దీ పెట్టాడు. నిన్న అందరికంటే ఎక్కువ ఏడ్చింది అతనే.

ఆ తర్వాత మీటింగుకి వెళ్లలేదు. "ఊళ్లో అయితే గుడి అని చెప్పొచ్చు గురూ. అక్కడ నిజం చెప్పాలి" అన్నాడు.

మీటింగులో పెద్దాయన నాకు ఫోన్ చేసి, "మళ్లీ మొదట్నుంచి మొదలెడదాం, రమ్మనండి" అన్నారు. ఆదివారం ఆదివారం వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. ఇస్త్రీ చొక్కా వేసుకుని రెడీగా అరుగు మీద కూర్చునేవాడు. లేచేవాడు కాదు. బస్సు టైమ్ దాటిపోయేది. పక్కన నేనూ అలాగే కూర్చునేవాణ్ణి.

ఇంకేం చేయాలో ఇప్పటికీ నాకు తెలియదు.

నిన్న ముగ్గురు కొత్త మనుషులు వచ్చారు. కబురు చేసింది నేనే. దండ వేసి, ఓ పక్కగా నిలబడ్డారు. బావమరిది అలవాటు కొద్దీ దగ్గరికి వెళ్లి, "ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ?" అన్నాడు.



ముగ్గురిలో ఆ మీటింగు పెద్దాయన మెల్లగా, "గుడి దగ్గర పరిచయమండి" అన్నారు.

పక్కనే ఉన్న లక్ష్మి ఆ మాట విని, అంత ఏడుపులోనూ వచ్చిన నవ్వుకి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెళ్లిరా గురూ.

అక్కడైనా నీ చేతిలో ఎవరూ గ్లాసు పెట్టకుండా, ప్రశాంతంగా కూర్చో.