మా అన్నలు పంచుకున్న గ్రహం

మా పెద్దన్నకు మదనపల్లెలో టమాటా మండీ ఉంది. చిన్నన్న పుంగనూరులో ఎరువుల అంగడి పెట్టుకున్నాడు. ఇద్దరూ ఆకాశం వైపు చూసేది వాన కోసమే, అదీ పైరు ఎండిపోతున్నప్పుడు. అలాంటివాళ్ళు ఒక గ్రహం కోసం కొట్లాడుకున్నారంటే ఎవరూ నమ్మరు.

ఆ గ్రహాన్ని చూసింది నేను. చూడడమంటే కళ్ళతో కాదు. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు ఒకటి దూరపు నక్షత్రాల వెలుగును కొలుస్తూ ఉంటుంది. నక్షత్రానికీ మనకీ మధ్య గ్రహం అడ్డం వస్తే ఆ వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఆ కొలతలన్నీ గీతలుగా గీసి ఇంటర్నెట్లో పెడతారు. ఓపిక ఉన్నవాళ్ళెవరైనా చూసి, గీత ఎక్కడ కిందికి దిగిందో గుర్తు పెట్టొచ్చు. కుప్పంలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పి సాయంత్రానికి ఇంటికొచ్చే నాకు, టీవీ సీరియళ్ళ కంటే ఆ గీతలే నయమనిపించాయి. సీరియల్లో జరగబోయేది ముందే తెలిసిపోతుంది.

ఏళ్ళ తరబడి చూశాక ఒక నక్షత్రం దగ్గర నా చెయ్యి ఆగింది. వెలుగు తగ్గుతోంది, మామూలవుతోంది, ఒకే ఎడంతో మళ్ళీ తగ్గుతోంది. కంప్యూటర్లు దాన్ని పట్టించుకోలేదు. శాస్త్రవేత్తలకు రాశాను. గ్రహమే కావచ్చనీ, పెద్ద టెలిస్కోపులతో సరిచూస్తామనీ, నిజమైతే పరిశోధన వ్యాసంలో నా పేరు కూడా వేస్తామనీ జవాబొచ్చింది. నా పేరు! మా ఇంటి గేటు మీద మా ఆయన పేరు, కరెంటు బిల్లు మీద మా ఆయన పేరు, పెళ్ళిపత్రికల మీద ఆయన పేరు పక్కన 'దంపతులు'. ఆ వ్యాసంలో నా పేరు చూసుకోవాలని ఎంత ఆశపడ్డానో చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

సంతోషం పట్టలేక చిన్నన్నకు ఫోన్ చేశాను. సాయంత్రానికల్లా సంగతి మదనపల్లె మండీకి చేరింది. 'కావచ్చు' అన్న మాట మాత్రం దారిలో ఎక్కడో రాలిపోయింది.

ఆ నెలలోనే నాన్న సంవత్సరీకానికి అందరం పుంగనూరులో కలిశాం. పెద్దన్న కారు డిక్కీలోంచి ఒక ఫ్లెక్సీ తీసి నడవలో పరిచాడు. నాన్న ఫోటో, చేతులు జోడించిన పెద్దన్న, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఆయన కొడుకు, మూలన చుట్టూ వలయాలున్న గ్రహం బొమ్మ. గ్రహానికి నాన్న పేరు. నా కోసం వెతికాను. అడుగున చిన్న అక్షరాల్లో కూడా లేను.

"నాయన పక్కన శనీశ్వరుణ్ణి యాల పెట్టినావు న్నా?" అన్నాడు చిన్నన్న.

"గ్రహమని కొడితే గూగుల్లో అదే వచ్చిందిరా."

చిన్నన్న అసలు బాధ శని కాదు. మా ఇళ్ళలో పెద్దల పేర్లు పిల్లలకు పెడతారు. పెద్దన్న కొడుక్కి మా నాన్న పేరు, చిన్నన్న కొడుక్కి మా తాత పేరు.

"నాయన పేరు పెడితే అది నీ కొడుకు పేరే అయిపోతాది. తాత పేరు పెట్టాల. పెద్దాయన కదా" అన్నాడు చిన్నన్న. తాత మీద అంత భక్తి ఆయనకు ఉన్నట్టు నాకు ఆ రోజే తెలిసింది.

ఆకుల ముందు కూర్చుని వడలు తింటూ, గంగవరం దగ్గరి నాన్న పొలం పంచుకున్నట్టే ఆ గ్రహాన్నీ పంచుకోసాగారు. పొలం పంపకంలోనూ ఇంతే. నాకు చీర పెట్టి, సంతకం పెట్టించుకుని, అన్నం తిని పొమ్మన్నారు.

"అన్నా, దానికి మనం పేరు పెట్టేదానికి కాదు. నక్షత్రానికి ఒక నంబరుంటాది, గ్రహానికి ఆ నంబరు పక్కన ఒక అక్షరం. అంతే. అయినా అది గ్రహమో కాదో ఇంకా తేలలేదు" అన్నాను.

"నీకు తెలీదు పాపా. ఒక మాట సెప్పిస్తే అయిపోతాది. మనకి తెలిసినోళ్ళు ఉండారు" అన్నాడు పెద్దన్న. అంతరిక్షంలో కూడా వీళ్ళకు తెలిసినవాళ్ళు!

"కనిపెట్టింది నేను కదన్నా?" అని అడిగేశాను.

"నువ్వేమన్నా వేరేనా మ్మా? నీదైతేనేం, మాదైతేనేం?" అంటూ చిన్నన్న నా ఆకులో ఇంకో వడ వేయించాడు. మా ఇంట్లో ఆడపిల్ల నోరు మూయించే పద్ధతి అదే.

చివరికి రెండు పేర్లూ కలిపి పెట్టాలని రాజీపడ్డారు. పడి, హాయిగా మధ్యాహ్నం నిద్ర పోయారు.

కొన్ని వారాలకు శాస్త్రవేత్తల నుంచి ఉత్తరం వచ్చింది. అది గ్రహం కాదు. ఆ నక్షత్రం వెనక ఎంతో దూరాన రెండు నక్షత్రాలు జంటగా తిరుగుతూ ఒకదాన్నొకటి కప్పుతున్నాయి. ఆ వెలుగూ ఈ వెలుగూ కలిసిపోయి నాకు అలా కనబడింది. మర్యాదగానే రాశారు, శ్రమకు ధన్యవాదాలు కూడా చెప్పారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని ముందు చిన్నన్నకు చెప్పాను. "నేను ముందే అనుకుంటిని. నువ్వు సరిగ్గా సూసుకోవల్ల కదా మ్మా" అన్నాడు.

తర్వాత పెద్దన్నకు చేశాను. వెనక టమాటా వేలం జోరుగా సాగుతోంది. నేను చెప్పింది విని, ఫోన్ చేతిలో ఉండగానే పక్కనున్న వాళ్ళతో అన్నాడు: "అది గ్రహం కాదంటప్పా. మాకేం సంబంధం లేదు. అంతా మా సెల్లెలు జేసింది. కుప్పంలో ఉండాదే, ఆయమ్మ." నా పేరు, ఇంటిపేరుతో సహా, మండీ అంతా వినబడేలా చెప్పాడు. పొలం గట్ల దగ్గర కూడా కలవని అన్నలిద్దరూ ఆ రోజు ఒక్క మాట మీద నిలబడ్డారు. గ్రహం మొత్తం నాదేనట, అందులో వాళ్ళకు వీసమెత్తు భాగం లేదట.

"ఔనన్నా, నాదే" అన్నాను. "ఇంక దొరికేది కూడా నాదే."

ఫోన్ పట్టుకుని పక్కకు జరిగాడు కాబోలు, వేలం అరుపులు సన్నబడ్డాయి.

"ఇంకోటి దొరికిండాదా ఏంది పాపా?" అన్నాడు పెద్దన్న, గొంతు మెత్తగా చేసుకుని.

ఫోన్ పెట్టేశాను.