బజ్జీల పొట్లంలో ఆరో సైనికుడు

ఈ సాయంత్రం కనకాలపేటలో నాకు బజ్జీలు కట్టిచ్చిన కాగితం ఓ పాత యుద్ధం కామిక్‌లోది. అంగారకుడి మీద శత్రువుల కోటలోకి దూకిన ఆరుగురు సైనికుల్లో ఐదుగురు తునాతునకలయ్యారు. ఆరోవాడు బాంబు పట్టుకుని తలుపు తన్నాడు. తర్వాతి పేజీ నా పక్కన తింటున్న మా వీధి శ్రీను చేతిలో ఉంది. నేను అడిగేలోపే వాడు దాంతో నూనె చేతులు తుడిచేసుకున్నాడు. కాలర్ పట్టుకుని ఒక్కటిచ్చాను, వాడి పెదవి చిట్లింది. వాడు నా ముక్కు పగలగొట్టాడు.

బజ్జీల సత్యవతక్క గరిటెతో మా మధ్యకొచ్చింది. "యుద్ధమంటే ఆయుధాల యాపారుల పండగని రాసున్న కరపత్రం పొద్దున్న నాకిచ్చింది నువ్వే కదరా?"

"ఆయ్, నేనే అక్కా. కానీ ఆ ఆరోవోడు బతికాడో లేదో తెలియొద్దా?"

యుద్ధాలకు నేను ఇప్పటికీ వ్యతిరేకమే. ఆ పుస్తకం చదివినవాళ్లుంటే ఆరోవాడు ఏమయ్యాడో కింద కామెంట్లలో రాయండి, ముక్కు రక్తం తుడుచుకుంటూ చూస్తున్నాను.