ఎండ పట్టే గుడ్డ

2005 మార్చిలో నన్ను విజయవాడలోని ఒక వస్త్ర పరీక్షాశాలకు సీనియర్ టెక్నికల్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. అప్పగించిన మొదటి పని, ఎండను వేడిగా మార్చే గుడ్డ తయారీ. నానో కణాలంటే కంటికి ఆననంత సన్నటి కణాలు. అలాంటి కర్బన కణాలను జిగురులో కలిపి నూలుగుడ్డకు పూత వేస్తే, ఆ నలుపు ఎండను పీల్చుకుని వేడెక్కుతుంది. చేపలు ఎండబెట్టే పెట్టెలకు కప్పాలని ఆలోచన. మూడు ఉతుకులకు పూత నిలిస్తే, ఆర్డరు గుడ్డ ఇచ్చిన షెడ్డుకే.

గుడ్డను మంగళగిరిలో మస్తాన్ సాయిబు రంగుల షెడ్డు నుంచి తెప్పించాను. ఉడికించి, గంజి తీసి పంపమన్నాను. ఆ షెడ్డు ఒకప్పుడు మాది. చేతులు మారిన కథ ఇక్కడ అనవసరం. మా నాన్నగారి హయాంలో ఎనిమిది కాగులు మరిగేవి. అప్పట్లో అక్కడే పనిచేసిన మస్తాన్ రెండే నడుపుతున్నాడు. ఈ ఆర్డరు వస్తే మిగతా ఆరింటి కిందా మంట వెలుగుతుందని నా ఆశ. ఆ ఆవిరి వాసన నాకింకా గుర్తుంది.

పూతకు ముందు గుడ్డ మీద అయోడిన్ చుక్క వేయాలి. నీలంగా మారితే గంజి ఉన్నట్టు. మా షెడ్డు గుడ్డకు ఆ పరీక్ష చేయడం నాకు తలవంపుగా తోచింది. రిజిస్టరులో ‘గంజి లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

భవానీపురంలోని మా ఆఫీసు డాబా మీద పూత గుడ్డను ఎండలో పరిస్తే, చేయి ఆనించినవాళ్లు వెంటనే వెనక్కి తీసుకున్నారు. మర్నాడు మొదటి ఉతుకుకే బకెట్టులో నీళ్లు నల్లబడ్డాయి. పూత పట్టింది గుడ్డను కాదు, గంజిని; గంజితో పాటే వదిలిపోయింది.

“గుడ్డ ఇచ్చినాయన తప్పని రాసేయండి, మీకెందుకండీ గొడవ?” అన్నారు డిప్యూటీ డైరెక్టరు గారు. పరీక్ష నేనే చేయలేదని రాశాను. నాకు మెమో వచ్చింది. ఆర్డరు వేరే రాష్ట్రపు మిల్లుకు పోయింది.

ఆ సంగతి చెప్పడానికి నేనే మంగళగిరి వెళ్లాను.

“తీయమన్నారని తీశా చినబాబుగారూ. మీ చేతికొచ్చే గుడ్డ పీలికలా ఉంటే ఏం మర్యాద? అందుకని మళ్లీ పల్చగా గంజి పెట్టించా,” అన్నాడు మస్తాన్. “మీ నాన్నగారైతే గంజి పోయిందా లేదా అని గుడ్డ కొస నాలిక మీద పెట్టుకుని చూసేవోరు. ఉన్నన్నాళ్లూ చూశారు. నేనేమన్నా అనుకున్నానా?” అన్నాడు.

ఆరు కాగులు గోడవార బోర్లించే ఉన్నాయి.

నాన్నగారు చూసింది అనుమానంతో కాదని, ఆ గుడ్డ తన పేరుతో బయటికి పోతుంది కనుకనని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏ గుడ్డకైనా ముందు అయోడిన్ చుక్క వేశాను. మంగళగిరి గుడ్డకు రెండు చోట్ల.