అడగకుండా ముట్టుకుంటే దురద

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మా గూడెంలో పిల్లలకి కూడా తెలుసు. దీన్ని మాత్రం పూర్తిగా నమ్మొచ్చు. ఇందులో నేనాడిన అబద్ధం ఒక్కటే.

మాది దేవరాపల్లి దాటాక కొండమీది గిరిజన గూడెం. ఆడవాళ్లం చీపురుగడ్డి కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి చోడవరం వారపు సంతకి తెస్తాం. ఆటో దిగేచోటే షావుకార్లు కాచుకుని ఉండేవారు. ఎవరి చెయ్యి ముందు పడితే కట్ట వాళ్లది, ధర కూడా వాళ్లే చెప్పేవారు. ఎవరు పెట్టిన పద్ధతో గానీ, మా అమ్మ నాటికే ఉంది.

కిందటేడు మా మరదలి తలమీది కట్టని ఒక షావుకారు అలాగే పట్టి లాగాడు. మనిషి బోర్లా పడింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మోచేతి దెబ్బ పది రోజుల్లో మానిందిగానీ, ఆమె మళ్లీ కొండ దిగలేదు. ఇంటికొచ్చి అడిగినవాళ్లకి, ఎంతిస్తే అంతకే ఇచ్చేసేది. ఈ ఏడు కోత అయ్యాక, నీ కట్టమీద ఎవరి చెయ్యీ పడనివ్వనని మాటిచ్చి వెంటబెట్టుకొచ్చాను. ఈసారీ అదే జరిగితే ఇక ఎప్పటికీ సంత మొహం చూడదు.

ఆటో దిగామో లేదో, అదే షావుకారు చెయ్యి చాచాడు. మరదలు కొయ్యబారిపోయింది.

"ముట్టుకోకు బాబూ," అన్నాను. "వీటిని దురదగొండి తీగతో కట్టేం. మొన్న ఒకాయన సెయ్యేసేడు. ఇప్పటికీ సెరుకు బండి సక్రానికి ఈపు రుద్దుకుంటన్నాడు. ఆయన్ని సూసి ఎడ్లే జాలిపడతన్నాయి."

చెయ్యి వెనక్కి పోయింది. నేను దర్జాగా నడిచాను. కానీ నా అబద్ధం మాకంటే ముందే సంతకి చేరిపోయింది. మధ్యాహ్నం దాకా ఒక్కరూ మా దగ్గరికి రాలేదు. రోలుగుంట నుంచి వచ్చిన ఒకావిడైతే కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మరీ పక్కనుంచి దాటింది. దీన్ని కప్పడానికి ఇంకో అబద్ధం వెతుక్కున్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్కటీ తట్టలేదు.

అప్పుడు మరదలు లేచింది. ఇంటికి పోదామంటుందేమో అనుకున్నాను. కట్టుకున్న తీగని చేత్తో నిమిరి, కట్టలోంచి ఒక చీపురు లాగి, అందరూ చూస్తుండగా బుగ్గకి రాసుకుంది, మెడకి రాసుకుంది.

"అడిగి ముట్టుకుంటే ఏటీ అవ్వదు," అంది. "అడక్కుండా ముట్టుకున్నోళ్లకే దురద."

కుచ్చిళ్లావిడ వెనక్కి వచ్చి, ముట్టుకోవచ్చా అని అడిగింది. ఆ మాట మరదల్ని ఎవరూ అడిగి ఎరగరు. తలూపి, ధర తనే చెప్పింది.

పొద్దు వాలేముందు షావుకారూ వచ్చాడు, చేతులు వెనక కట్టుకుని.

"ఒసే, కట్ట సూడొచ్చా?"

"ఒసే అన్నా దురదే బాబూ," అంది మరదలు.

అంతదూరం నేనూ ఆలోచించలేదు. ఆయన అమ్మా అంటూ మళ్లీ మొదలుపెట్టాడు. ఆమె ధర చెప్పి, ఇష్టమైతే తీసుకోమంది.